ఆటో ఆర్డర్ ఆన్ చేశాక స్పేర్స్ మేనేజర్‌కి మిగిలే పనేంటి?

షోరూం_లెక్కలు
కార్ల డీలర్‌షిప్పుల్లో స్పేర్స్ విభాగం గురించి ఒక ప్రశ్న. డీఎంఎస్‌లో (డీలర్ లెక్కలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఆటో ఆర్డర్ ఆన్ చేస్తే సిస్టమే రాత్రి లెక్కేసి, పొద్దున్నకి ఆర్డర్ తయారుగా పెడుతోంది. లెక్క కోసం ఒక వర్క్‌షాపు అనుకుందాం: నెలకు 900 జాబ్‌కార్డులు (ఒక్కో బండి పనికి రాసే చీటీలు), బిన్లలో (పార్టులు పెట్టే గడుల్లో) 4,200 పార్ట్ నంబర్లు, కొన్న ధరకి 40 లక్షల స్టాకు, నెలకు 25 లక్షల వాడకం. ఇలాంటి చోట మేనేజర్ పోస్టు తీసేసి ఒక స్టోర్‌కీపర్, ఇద్దరు హెల్పర్లతో నడపొచ్చా? అనుభవం, నమ్మకం లాంటి మాటలు వద్దు, లెక్కతో చెప్పండి.

బిన్_47
ముందు ప్రోగ్రాము ఏం చేస్తుందో చూద్దాం. ఆయిల్ ఫిల్టర్ తీసుకోండి. ఆరు నెలల్లో 1,560 పోయాయి. నెలకు 260, పనిరోజులు 26, అంటే రోజుకి 10. ఆర్డర్ సోమ, గురువారాల్లో వెళ్తుంది, కంపెనీ డిపో నుంచి సరుకు రావడానికి 2 రోజులు. రెండు ఆర్డర్ల మధ్య ఎక్కువలో ఎక్కువ 4 రోజుల ఎడం. కాబట్టి 6 రోజుల అవసరం 60, జాగ్రత్తకి ఇంకో 3 రోజులది 30. మొత్తం 90 దాకా నింపుకోవాలి. షెల్ఫ్‌లో 35 ఉండి, అందులో 5 జాబ్‌కార్డులకి కేటాయించి ఉంటే, దారిలో ఏమీ లేకపోతే, ఆర్డర్ 60.

ఇంతే. ఇలా కుదురుగా పోయే నంబర్లు ఆ 4,200లో ఓ 400 ఉంటాయనుకోండి: ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, డ్రెయిన్ ప్లగ్ వాషర్లు, స్పార్క్ ప్లగ్గులు. వీటి జోలికి మేనేజర్ పోకపోవడమే మంచిది. మనిషి నిన్న అయిపోయినదాన్ని చూసి కంగారుపడి రెట్టింపు పెడతాడు, సిస్టమ్ కంగారుపడదు.

ఆటోనగర్_అబ్బాయి
అంటే ఒప్పుకున్నట్టేగా అన్నా! ఆ 400 సిస్టమ్ చూసుకుంటే మిగతావి నెలకొకటీ అరా పోయేవే. బండి ఆగిపోతే వీఓఆర్ (ఆగిన బండికి అర్జెంటు) ఆర్డర్ పెట్టి తెప్పించుకోవడమే. ఇంతోటిదానికి ఓ మేనేజర్ని కూర్చోబెట్టి జీతం ఇవ్వాలా?

గోదాం_పిల్లి
ఆ 'మిగతావి' దగ్గరే కథంతా ఉంది అబ్బాయ్. వీల్ బేరింగ్ ఒకటి చూడు. మాక్స్ (ఎక్కువలో ఎక్కువ పెట్టుకునేది) 1, రీఆర్డర్ (ఇంతకి దిగితే మళ్లీ ఆర్డర్) 0. సిస్టమ్‌లో స్టాకు 1 అని ఉంది. బిన్‌లో లేదు. ఎలా పోయిందంటావా? ఎడమకి బదులు కుడి ఇష్యూ (ఇచ్చినట్టు నమోదు) చేసి ఉంటారు, లేదా డిపో నుంచి ఇన్వాయిస్‌లో ఉన్నది పెట్టెలో రాకపోయినా జీఆర్‌ఎన్‌లో (సరుకు అందిందని చేసే నమోదులో) కొట్టేసి ఉంటారు. ఇప్పుడు జరిగేది చూడు:

బేరింగ్ కావాలని సర్వీస్ అడ్వైజర్ అడుగుతాడు. హెల్పర్ బిన్ చూసి లేదంటాడు. బయట తెస్తారు, లేదా బండి వెళ్లిపోతుంది. సిస్టమ్ దృష్టిలో 1 ఉంది కాబట్టి ఆర్డర్ పెట్టదు. ఇష్యూ లేదు కాబట్టి డిమాండు సున్నా. ఆరు నెలలకి దాన్ని కదలని సరుకులో వేస్తుంది, తొమ్మిది నెలలకి మాక్స్ సున్నా చేసి స్టాకు జాబితాలోంచే తీసేస్తుంది. బిన్‌లో లేని పార్టుని డెడ్ స్టాక్ అని రిపోర్టులో చూపిస్తుంది, అడిగినవాడికి లేదంటాం. రెండూ ఒకే పార్టు.

ఫిల్టర్ దగ్గర ఈ జబ్బు తెలిసిపోతుంది, రోజూ చెయ్యి పెడతాం కాబట్టి. మాక్స్ 1, మాక్స్ 2 ఉన్న నంబర్ల దగ్గర ఎవరికీ తెలియదు. ప్రోగ్రాముకి అసలు తెలియదు.

లెక్కల_మాస్టారు
పిల్లి గారు చెప్పినదానికి మందు రోజువారీ లెక్కింపు. సంవత్సరానికి ఒకసారి మార్చి 31న షట్టర్ దించి లెక్కపెట్టడం ఆడిటర్ కోసం, ఆర్డర్ కోసం కాదు.

4,200 నంబర్లని మూడు ముక్కలు చేయండి. బాగా కదిలే 400ని ఏడాదికి 4 సార్లు, మధ్యరకం 1,000ని 2 సార్లు, మిగిలిన 2,800ని ఒక్కసారి. 1,600 + 2,000 + 2,800, మొత్తం 6,400. పనిరోజులు 300 అనుకుంటే రోజుకి 21, 22 నంబర్లు. ఒక మనిషికి ముప్పావు గంట పని. లెక్కపెట్టేవాడికి సిస్టమ్ స్టాకు చూపించకూడదు, బిన్ నంబరు, పార్ట్ నంబరు మాత్రమే ఇవ్వాలి. సంఖ్య ముందే కనిపిస్తే చూసింది చూసినట్టు రాయడు, ఉండాల్సింది రాస్తాడు.

తేడా వచ్చినప్పుడు వెంటనే స్టాకు సర్దేసి వదిలేయొద్దు. పక్క బిన్, కుడి–ఎడమ జత, పాత నంబరు, ఇంకా జీఆర్‌ఎన్ కాని పెట్టెలు, జాబ్‌కార్డు మీద ఎక్కకుండా ఫ్లోర్ మీదకి వెళ్లినవి, ఈ ఐదూ చూశాకే సర్దుబాటు. ఈ చూడటమే మేనేజర్ పని. స్టోర్‌కీపర్‌కి తన తప్పు తనే వెతికే పని అప్పగిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

సర్వీస్_సైడ్
అడ్వైజర్ల వైపు నుంచి ఒకటి. ప్రోగ్రాము అమ్మకాన్ని చూస్తుంది, అడిగి లేక వెళ్లిపోయినదాన్ని చూడదు. దానికోసమే డీఎంఎస్‌లో లాస్ట్ సేల్ స్క్రీన్ ఉంటుంది. అది ఎవరూ కొట్టరు, లేదా తెగ కొడతారు. రెండూ ప్రమాదమే.

తెగ కొట్టడం ఇలా: కస్టమరు ఫోన్ చేసి క్లచ్ సెట్ ఉందా అంటాడు, కౌంటర్‌లో ఒకటి కొడతారు. మర్నాడు బండి తెస్తాడు, అడ్వైజర్ ఇంకోటి కొడతాడు. సాయంత్రం వీఓఆర్ పెడితే అది మూడోది. ఒక క్లచ్ సెట్‌కి మూడు డిమాండ్లు. వచ్చే నెల సిస్టమ్ రెండు క్లచ్ సెట్లు తెచ్చి పెడుతుంది.

పెట్టుకోవాల్సిన నిబంధన చిన్నదే. బండి నంబరు లేకుండా లాస్ట్ సేల్ ఎక్కకూడదు, ఒక బండికి ఒక పార్టు 30 రోజుల్లో ఒక్కసారే. ధర ఎక్కువని వెళ్లిపోతే అది లాస్ట్ సేల్ కాదు. ధర కనుక్కోవడానికి చేసిన ఫోనూ కాదు.

రాణిగంజ్_రాజు
దీనికంటె పెద్ద బొక్క ఇంకోటుంది. పార్టు లేకుంటె హెల్పర్ని బండిమీద రాణిగంజ్ పార్టుల బజారుకు పంపుతరు, తెచ్చి ఫిట్ చేస్తరు. బిల్లుల ఎట్ల ఎక్కిస్తరు? 'లోకల్ పర్చేజ్' అని ఒక డమ్మీ కోడ్ ఉంటది, అన్నీ గండ్లనే. నెల తిరిగే సరికి ఆ కోడ్ కింద లక్షా, రెండు లక్షలు కనిపిస్తది. రిలేలు, హోస్ పైపులు, టై రాడ్ ఎండ్లు, బల్బులు, అన్నీ ఒక్క కుప్ప. గవన్నీ అసలైన డిమాండే కదా, కానీ సిస్టమ్‌కి ఒక్కటీ తెల్వదు. మళ్ల వచ్చే నెల మళ్ల రాణిగంజే.

డమ్మీ కోడ్ బంద్ చేసి, అసలు పార్ట్ నంబర్ మీదనే లోకల్ కొనుగోలుగ ఎక్కించాలె. అసలు నంబర్ వెతికి పట్టాలంటె కేటలాగ్ చూసుడు రావాలె, ఛాసిస్ నంబర్ కొట్టి ఏ నెల తయారైన బండో చూడాలె. హెల్పర్‌తోని అయ్యే పని కాదది.

డీఎంఎస్_దాసు
సాఫ్ట్‌వేర్ వైపు నుంచి నాలుగు మాటలు. సగటు తీసి లెక్కేసే పద్ధతి రోజూ పోయే పార్టుకి సరిపోతుంది. మూడు నెలలకి ఒకసారి పోయేదానికి సరిపోదు. డిమాండ్ వరస 0, 0, 2, 0, 0, 1 అనుకోండి. సగటు నెలకు 0.5. పోయిన వెంటనే సగటు ఎగబాకుతుంది, అప్పుడే ఆర్డర్ పెరుగుతుంది, నిజానికి అప్పుడే మళ్లీ కొన్నాళ్లు అడిగేవాడు ఉండడు. దీన్ని సరిచేయడానికే 1972లో క్రోస్టన్ అనే ఆయన ఒక పద్ధతి ప్రచురించారు: ఎన్ని పోయాయన్నది ఒక లెక్క, ఎన్నాళ్లకోసారి పోయాయన్నది వేరే లెక్క. మీ డీఎంఎస్‌లో ఏది ఉందో వెండర్ని అడగండి. చాలా చోట్ల ఉన్నది మామూలు ఆరునెలల సగటే.

రెండోది, హిట్లు వేరు, సంఖ్య వేరు. ఒకాయన నాలుగు ప్లగ్గులు కొంటే సంఖ్య 4, హిట్ ఒకటే. పార్టుని స్టాకులోకి తెచ్చే నిర్ణయం హిట్ల మీద ఉండాలి. ఆరు నెలల్లో, వేర్వేరు నెలల్లో 3 హిట్లు వస్తే తెచ్చుకో, 9 నెలలు ఒక్క హిట్టూ లేకపోతే ఆపేయ్, ఇలా. సంఖ్య మీద పెడితే ట్రావెల్స్ వాడు ఒక్కరోజు 40 వీల్ కవర్లు కొన్న పాపానికి ఏడాదంతా వీల్ కవర్లు వస్తూనే ఉంటాయి. అలాంటి ఒక్కసారి అమ్మకాలకి 'డిమాండులో కలపొద్దు' అనే టిక్కు ఉంటుంది. రీకాల్ క్యాంపెయిన్ పార్టులకీ అదే టిక్కు పెట్టాలి. ఆ టిక్కు పెట్టాలో వద్దో ప్రోగ్రాముకి తెలిసే దారి లేదు.

మూడోది, సెట్. మారుతి కె10 ఇంజన్‌కి మూడు సిలిండర్లు, కె12కి నాలుగు. 2024 స్విఫ్ట్‌లో వచ్చిన జెడ్12 మళ్లీ మూడే. నాలుగు ప్లగ్గులు కావాల్సిన బండికి షెల్ఫ్‌లో మూడుంటే అది స్టాకు కింద లెక్క కాదు. రీఆర్డర్, మాక్స్ రెండూ సెట్‌కి గుణిజాల్లో పెట్టాలి.

బిన్_47
నాలుగోది దాసు గారు మరిచారు, నంబరు మారడం. కంపెనీ పాత నంబరు తీసేసి కొత్తది ఇస్తుంది. పార్ట్ మాస్టర్‌లో (సిస్టమ్‌లో పార్టుల మూల జాబితాలో) లింకు పడకపోతే పాత నంబరు కింద 6 నెలల చరిత్ర, 5 పీసులు అలాగే ఉండిపోతాయి, కొత్త నంబరు కింద సున్నా నుంచి మొదలు. అడ్వైజర్ కేటలాగ్‌లో కొత్త నంబరు చూసి లేదనుకుని ఆర్డర్ పెడతాడు. పాత 5 పీసులు దుమ్ము పడతాయి.

ఇంకో మెలిక: అన్ని మార్పులూ రెండువైపులా పనిచేయవు. కొత్త హెడ్‌ల్యాంప్ పాత బండికి పడుతుంది, పాతది కొత్త బండి కనెక్టర్‌కి పడదు. అలాంటప్పుడు చరిత్ర కలపాలి, స్టాకు కలపకూడదు. కంపెనీ నుంచి వచ్చే సర్క్యులర్ చదివి తేల్చాల్సిందే.

ఎండాకాలం_ఏసీ
సీజన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? మన దగ్గర మార్చి వచ్చిందంటే కండెన్సర్లు, కంప్రెసర్లు, బ్లోయర్ మోటార్లు, క్యాబిన్ ఫిల్టర్లు. ఆరు నెలల సగటు మార్చి 1న ఏం చూస్తుంది? సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. అంటే ఏడాదిలో ఏసీ పార్టులు అతి తక్కువగా పోయే నెలలు. అది పెంచడం మొదలుపెట్టేది మే నెలలో, సరుకు దిగేది జూన్‌లో, అప్పటికి వాన పడుతుంది. ఇక అక్టోబరు దాకా షెల్ఫ్‌లో కండెన్సర్లు చూసుకుంటూ కూర్చోవడమే. వైపర్ బ్లేడ్లకీ ఇదే కథ, నెలలు వేరు.

చేయాల్సింది: ఫిబ్రవరి 10–15 మధ్య పోయిన ఏడాది మార్చి–మే ఇష్యూలు తీయండి. దానికి ఈ ఏడాది జాబ్‌కార్డుల పెరుగుదల కలపండి. మాక్స్ చేత్తో పెంచి, గడువు తేదీ మే 10 వేయండి. గడువు లేకుండా పెంచిన మాక్సే తర్వాత డెడ్ స్టాక్ అవుతుంది. మీ డీఎంఎస్‌లో గడువు తేదీ గడి లేకపోతే గోడ క్యాలెండర్ మీద రాసుకోండి, సిగ్గేం లేదు.

డాలస్_తెలుగు
అమెరికాలో జీఎం డీలర్లకి రిమ్ అని ఉంది, అంటే రిటైల్ ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్. రాత్రి డీలర్ డీఎంఎస్ నుంచి డేటా కంపెనీకి వెళ్తుంది, ఏమేం తెప్పించుకోవాలో సూచన వెనక్కి వస్తుంది. మోపార్ (క్రైస్లర్ పార్టుల విభాగం) వాళ్లకి అలాంటిదే ఏఆర్‌ఓ ఉంది. అక్కడ కూడా 'ఇక మేనేజర్ ఎందుకు' అన్న చర్చ బాగానే నడిచింది. అసలు విషయం వేరే: సూచన ప్రకారం తెచ్చిన పార్టు అమ్ముడుపోకపోతే వెనక్కి ఇచ్చే రక్షణ ఆ ఒప్పందంలోనే ఉంటుంది. సూచనని దాటి మీరు సొంతంగా తెచ్చుకున్నదానికి ఆ రక్షణ ఉండదు. అందుకని అక్కడ మేనేజర్ ప్రతి మార్పుకీ 'దీనికి రిస్కు ఎవరిది' అని ఆలోచిస్తాడు.

ఇండియాలో ఆటో ఆర్డర్‌కి ఒప్పుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. సిస్టమ్ తెప్పించింది పోకపోతే ఎన్ని నెలల్లో, ఎంత శాతానికి, ఎవరి రవాణా ఖర్చుతో వెనక్కి తీసుకుంటారు? కాగితం మీద రాయించుకోండి.

షోరూం_లెక్కలు
ఇది బాగా తగిలింది. రిటర్న్ లేకపోతే ఆటో ఆర్డర్ అంటే మన డబ్బుతో వాళ్ల గోదాం ఖాళీ చేయడమే కదా. పైగా నెలాఖరు టార్గెట్ ఒకటి. డెడ్ స్టాక్ ఖరీదు ఎలా లెక్కేస్తారు?

లెక్కల_మాస్టారు
మీ లెక్కే తీసుకుందాం. ఏడాది వాడకం 3 కోట్లు, స్టాకు 40 లక్షలు, ఏడాదికి ఏడున్నర సార్లు తిరుగుతోంది, అంటే 48 రోజుల సరుకు. చూడ్డానికి బాగానే ఉంది. ఇప్పుడు అందులో ఏడాదిగా కదలనిది 8 లక్షలు అనుకోండి. కదిలే సరుకు 32 లక్షలే. క్యాష్ క్రెడిట్ (బ్యాంకు అప్పు) వడ్డీ 10 శాతం వేసుకున్నా ఆ 8 లక్షల మీద ఏటా 80 వేలు ఊరికే పోతోంది. స్టాకు సగటున ఎన్నిసార్లు తిరిగిందో అదొక్కటే చూస్తే ఇది కనపడదు. వయసు వారీగా చూడండి: 0–3 నెలలు, 3–6, 6–12, 12 దాటినవి. పని చేయాల్సింది 6–12 గడిలో. 12 దాటితే కొనేవాడు దొరకడం కష్టం.

ప్రోగ్రాముకి పేపర్ చదవడం రాదు. జీఎం 2017 చివరికి ఇక్కడ కార్లు అమ్మడం ఆపేసింది, ఫోర్డ్ 2021 సెప్టెంబరులో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది, మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ ఇంజన్లు మానేసింది. ఇలాంటి వార్త వచ్చిన రోజున ఆరు నెలల సగటు మాత్రం నిన్నటిలాగే ఉంటుంది. అయితే అన్నిటికీ ఒకే కత్తెర వేయకూడదు. 1.3 డీజిల్ బండి ఫ్యూయల్ ఫిల్టర్ ఏళ్ల తరబడి పోతుంది. అదే బండి డోర్ ట్రిమ్, రంగు వేసిన మిర్రర్ కవర్ పోవు. ముందు ట్రిమ్ వదిలించుకోవాలి.

ఇన్‌పుట్_క్రెడిట్
పన్ను వైపు రెండు ముక్కలు. డెడ్ స్టాకుని పుస్తకాల్లోంచి కొట్టేస్తే జీఎస్టీ చట్టం 17(5)(హెచ్) కింద, కొన్నప్పుడు కట్టిన పన్నుకి తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి. అందుకని కొట్టేయడం కంటే తగ్గింపు ధరకైనా అమ్మడం మేలు, అమ్మిన ధర మీద పన్ను కడితే సరిపోతుంది.

హైదరాబాద్ బ్రాంచిలో కదలనిది విజయవాడ బ్రాంచికి పంపితే? ఒకే కంపెనీ అయినా రెండు రాష్ట్రాల్లో రెండు రిజిస్ట్రేషన్లు. డెలివరీ చలానాతో కుదరదు, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య వేసే జీఎస్టీ) వేసి ట్యాక్స్ ఇన్వాయిస్ ఇవ్వాలి, విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు. అక్కడ పూర్తి క్రెడిట్ వస్తుంది కాబట్టి భారం పడదు. ఆటో ఆర్డర్ మాత్రం బ్రాంచికి బ్రాంచి విడిగా లెక్కేసే చోట, హైదరాబాద్‌లో మిగిలిందే విజయవాడకి డిపో నుంచి కొత్తగా తెప్పిస్తుంది. ఆర్డర్ వదిలే ముందు గ్రూపు స్టాకు చూడటం చేత్తో చేయాల్సిన పనే.

ఆటోనగర్_అబ్బాయి
సరే, ఓడిపోయాను. మేనేజర్ ఉండాల్సిందే, కానీ ఆర్డర్ టైప్ చేయడానికి కాదు. మరి రోజూ సరిగ్గా ఏ వరసలో ఏం చూడాలో ఎవరైనా రాయండి. 4,200 నంబర్లు కూర్చుని చూడలేడుగా.

బిన్_47
చూడక్కర్లేదు. ఆర్డర్ రోజున సూచనలో 250 లైన్లు వస్తే వాటిలో 30కి మించి తెరవాల్సిన పని ఉండదు. తెరవాల్సినవి: లైను విలువ 5 వేలు దాటినవి, మొదటిసారి సూచనలోకి వచ్చినవి, పోయినసారి కంటే రెట్టింపు అడిగినవి, స్టాకు మైనస్‌లో ఉన్నవి, ఈ నెల నంబరు మారినవి. మిగతాది అలాగే వదిలేయాలి. మార్చిన ప్రతి లైనుకీ కారణం ఒక ముక్క రాయాలి. మూడు నెలలకోసారి ఆ ముక్కలు తిరగేస్తే సిస్టమ్ తప్పెంత, మనిషి తప్పెంత తేలుతుంది. చాలాసార్లు మనిషిదే తేలుతుంది, అదీ ఒప్పుకోవాలి.

ఆర్డర్ కంటే ముందు మూడు పనులు. ఒకటి, వచ్చిన పెట్టెలన్నీ ఆ పూటే జీఆర్‌ఎన్, ఇన్వాయిస్ చూసి కాదు, పీసు లెక్కపెట్టి. రెండు, 15 రోజులు దాటిన బ్యాక్ ఆర్డర్లు (అడిగినా ఇంకా రానివి). డిపో రద్దు చేసేసినా మన దగ్గర 'వస్తోంది' అని ఉంటే సిస్టమ్ ఇక ఎప్పటికీ మళ్లీ అడగదు. మూడు, తెరిచి ఉన్న జాబ్‌కార్డులు. ఇన్సూరెన్స్ బండి సర్వేయర్ అనుమతి కోసం 20 రోజులు ఆగితే బంపరు, ఫెండరు దాని పేరున కట్టేసి ఉంటాయి. బండి టోటల్ లాస్ అని తేలాక కూడా ఆ కట్టు విప్పకపోతే, అవి అమ్మకానికీ రావు, డెడ్ స్టాక్ రిపోర్టుకీ రావు.

సర్వీస్_సైడ్
స్పెషల్ ఆర్డర్ షెల్ఫ్ కూడా చేర్చండి. కస్టమరు కోసం తెప్పించి, ఆయన రాక, చివరికి మామూలు స్టాకులో కలిపేసినవి. అడ్వాన్సు లేకుండా తెప్పించకూడదు. ఎలక్ట్రికల్ పార్టు అయితే మొత్తం, మిగతావాటికి సగమైనా. పార్టు మీద బండి నంబరు, వచ్చిన తేదీ రాసి, 7వ రోజు, 15వ రోజు ఫోను, 30వ రోజు నిర్ణయం. రిటర్న్ గడువు ఎప్పుడు ముగుస్తుందో ఆ చీటీ మీదే ఉండాలి.

రాణిగంజ్_రాజు
బ్యాటరీలు మర్వకుండ్రి. ఆటో ఆర్డర్ సంఖ్యే చూస్తది, తేదీ చూడది. కొత్తది ముందు పెట్టి పాతది వెనకకు నూకుతరు. నెలకోసారి మీటర్ పెట్టి చూడాలె, 12.4 వోల్టుల కింద ఉంటె ఛార్జింగ్ పెట్టాలె. బ్రేక్ ఆయిలు, సీలెంట్ ట్యూబులు గూడ తేదీ ఉన్న సరుకే.

కొత్త_స్టోర్‌కీపర్
అన్నలూ, చిన్న డౌటు. బంపర్ క్లిప్పులు 10 కావాలని సిస్టమ్ అడిగితే 10 ప్యాకెట్లు వచ్చాయి, ప్యాకెట్‌కి 10. ఇది డిపో తప్పా, మన తప్పా?

డీఎంఎస్_దాసు
మన మాస్టర్‌దే. ఇష్యూ యూనిట్ పీసు, కొనే యూనిట్ ప్యాకెట్, మధ్యలో ఉండాల్సిన గుణకం గడిలో 10కి బదులు 1 ఉంటుంది. పార్ట్ మాస్టర్‌లో ప్యాక్ సైజు తెరిచి మార్చండి. తర్వాత క్లిప్పులు, ఫాస్టెనర్లు, వాషర్లు, ఫ్యూజులు అన్నీ అదే రిపోర్టులో లాగి చూడండి, ఒక్కటే తప్పు ఉండదు. ఆయిల్‌కీ ఇదే: బ్యారెల్ 210 లీటర్లు, ఇష్యూ లీటర్లలో. గుణకం 1 ఉంటే 210 లీటర్లు అడగాల్సిన చోట 210 బ్యారెళ్లు అడుగుతుంది. ఈ వారం రిటర్న్ గడువు ఉంటే ఆ 9 ప్యాకెట్లు సీలు విప్పకుండా ఈరోజే వెనక్కి పంపండి.